వణికే బాణం

గత వర్షాకాలంలో ఒక సోమవారం ఉదయం, మా పద్దుల విభాగంలో పనిచేసే పెద్దాయన ఒక కాగితం చేతబట్టుకొని నా గదికి వచ్చారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా. తండ్రిగారి కాలంలో ఓడ ఎక్కి ఈ ద్వీపాలకు వచ్చి స్థిరపడిన కుటుంబం. కార్యాలయంలో చిన్నా పెద్దా అందరూ ఆయనను 'బాబాయిగారు' అనే పిలుస్తారు కనుక నేనూ ఇక్కడ అట్లే వ్యవహరిస్తాను. పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలల వ్యవధి ఉన్నది. చేతిలోని కాగితం ఇరవై రోజుల సెలవు దరఖాస్తు. కారణం వ్రాయవలసిన చోట 'వైద్య పరీక్షల నిమిత్తం విశాఖపట్నం ప్రయాణం' అని ఉన్నది.

సంగతేమిటని అడిగితే తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పారు.

"నాలుగు నెలలుగా చెయ్యి వణుకుతున్నది సార్. ఇంట్లో చెప్పలేదు. మా నాన్నగారికి కూడా చివరి రోజులలో ఇదే వచ్చింది. ఇక ఆరోగ్య కారణాల మీద ముందుగానే విరమణ తీసుకుందామా అని కూడా ఆలోచిస్తున్నాను."

నేను ఆ చేతి వైపు చూశాను. కాగితం అంచు కూడా కదలడం లేదు. దరఖాస్తు ఆయన స్వదస్తూరీ. ముత్యాల కోవ వంటి అక్షరాలు. ఒక్క గీత కూడా చెదరలేదు. వణుకుతున్నదని మీకు ఎట్లా తెలిసిందని ప్రశ్నించాను.

"కంప్యూటరు తెర మీద సార్. బాణాన్ని ఒక గడిలో నిలపబోతే పక్క గడిలోకి దూకుతున్నది. మొన్న ఒక చెల్లింపు మొత్తం తప్పు వరుసలో పడింది. అదృష్టం బాగుండి సంతకానికి ముందే దొరికింది."

కుర్రవారు ఊరుకోలేదట. మొదట స్టోర్స్‌కు ఇండెంటు పెట్టి కొత్త మౌస్ తెప్పించి ఇచ్చారు. ఫలితం లేదు. పాత మౌస్‌ను తమ బల్ల మీది కంప్యూటరుకు తగిలించి చూశారు. అక్కడ అది నూనె పోసినట్లు నడిచింది. మౌస్‌లో దోషం లేదు, కొత్తది పెట్టినా మార్పు లేదు, కనుక దోషం చేతిలోనే ఉన్నదని పైకి ఎవరూ అనలేదు గాని, అందరూ అనుకున్నారు. అందరికంటె ముందు బాబాయిగారే అనుకున్నారు.

తర్కం సవ్యంగానే కనిపిస్తున్నది గదా! అయితే ఇందులో ఒక పరీక్ష జరగలేదు. ఆయన బల్ల వద్ద, ఆయన కుర్చీలో కూర్చుండి, మరొకరు ఆ మౌస్‌ను కదిపి చూడలేదు. పెద్దాయన కుర్చీలో కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. గౌరవం మంచిదే గాని, దోష నిర్ధారణకు మాత్రం అది అడ్డు వచ్చింది.

వణుకు ఏ వేళ ఎక్కువని అడిగాను. ఇది వైద్యుల ప్రశ్న అయినా యంత్రాలకూ పనికివస్తుంది. ఉదయం ఎక్కువ, సాయంత్రానికి కొంత సర్దుకుంటుంది అన్నారు. ప్రొద్దున వేసుకునే రక్తపోటు మాత్ర ప్రభావమేమోనని ఆయన అనుమానం. నాకు మాత్రం ఆ సమాధానంతో అనుమానం మరొకవైపు మళ్ళింది. ఇద్దరం కలిసి ఆయన బల్ల వద్దకు వెళ్ళాము.

పాతకాలపు పడౌక్ కలప బల్ల. దానిపై ఆకుపచ్చ గుడ్డ, గుడ్డపై బల్లంత అద్దం. అద్దం క్రింద సింహాచలం అప్పన్న చిత్రం, టెలిఫోను నంబర్ల పట్టిక, సెలవు దినాల జాబితా, కుడిచేతి వైపు ఒక నలుపు తెలుపు ఫోటో. అటెండరు అప్పుడే తడిగుడ్డతో తుడిచి వెళ్ళినాడు. అద్దం తళతళ మెరుస్తున్నది. ఆయన అనుమతితో కుర్చీలో కూర్చుండి మౌస్ కదిపాను. నా చేయీ వణికింది! తరువాత చేయి పూర్తిగా తీసివేసి తెరవైపు చూస్తూ కూర్చున్నాము. ఎవరూ తాకకుండానే బాణం ఉన్నచోటనే చిన్నగా ఉలిక్కిపడుతున్నది. బాబాయిగారు కళ్ళజోడు సవరించుకొని రెండవసారి చూశారు.

నా చేతిలోనే ఉన్న ఆయన దరఖాస్తును బోర్లించి అద్దంపై పరచి, తెల్లని వెనుకవైపు మీద మౌస్ ఉంచాను. బాణం కట్టె విరిచినట్లు తిన్నగా నడిచింది.

ఇందులో మాయ ఏమీ లేదు. అయితే ఎందుకిట్లా జరుగుతుందో తెలుసుకుంటే మరొకరికి ఈ భయం కలగదు కనుక కొంచెం వెనుకకు వెళ్ళవలసి ఉన్నది. మౌస్ అనే సాధనాన్ని 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ తయారుచేశారు. అది ఒక చిన్న చెక్కపెట్టె. అడుగున ఒకదానికొకటి లంబంగా రెండు చక్రాలు. ఒకటి అడ్డు కదలికను, రెండవది నిలువు కదలికను కొలుస్తుంది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని బహిరంగంగా ప్రదర్శించారు. తరువాత చక్రాల స్థానంలో గోళీ వచ్చింది. మన తరంవారికి ఆ గోళీ మౌస్ బాగా గుర్తుండే ఉంటుంది. రబ్బరు పూత గల ఉక్కు గోళీ దొర్లుతూ లోపలి రెండు కడ్డీలను త్రిప్పేది. కడ్డీల చివర చిల్లుల బిళ్ళలు, వాటి గుండా కంటికి కనిపించని పరారుణ కాంతి. చిల్లులను లెక్కించి దూరం కట్టేది. నెలకొకసారి గోళీ ఊడదీసి, కడ్డీలకు పట్టిన నల్లని మడ్డిని గోటితో గీకడం అప్పట్లో ప్రతి కార్యాలయంలోనూ ఒక నిత్యకృత్యం. ఈ ద్వీపాల తేమగాలిలో ఆ మడ్డి గట్టి బంక అయ్యేది.

గోళీకి పట్టు దొరికితే చాలు, నేల రంగుతో పని లేదు. బాబాయిగారి అద్దంపై ఆ రోజులలో రబ్బరు పలక ఒకటి ఉండేది, పని జరిగిపోయేది. కాలక్రమంలో రబ్బరు చెమ్మకు జిగటబారితే పారవేశారు.

1999లో మైక్రోసాఫ్ట్ సంస్థ గోళీ లేని, కాంతితో పనిచేసే మౌస్‌ను సామాన్య విపణిలోకి తెచ్చిన తరువాత లెక్క మారింది. నేడు మన బల్లల మీద ఉన్నవన్నీ ఆ జాతివే. వాటి అడుగున ఒక చిన్న దీపం, ఒక అతి చిన్న కెమెరా ఉంటాయి. దీపం ఏటవాలుగా నేలపై వెలుగు వేస్తుంది. కంటికి నునుపుగా తోచే కాగితంలోనూ, చెక్కలోనూ సూక్ష్మమైన ఎత్తుపల్లాలు ఉంటాయి గనుక వాటి నీడలు పడతాయి. కెమెరా సెకనుకు వేయికి పైగా చిత్రాలు తీసి, ఒకదాని ప్రక్కన ఒకటి పోల్చి, నీడలు ఎటు జరిగినవో చూచి, మన చేయి ఎటు కదిలినదో నిర్ణయిస్తుంది. రైలు కిటికీలో నుంచి చెట్లను చూచి బండి వేగం ఊహించడం వంటిదే ఇది.

ఆ కెమెరా దృష్టి కుదిరేది సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దూరంలో మాత్రమే. స్వచ్ఛమైన అద్దం ఉపరితలంలో దానికి కనిపించే నీడలు లేవు. క్రింద ఉన్న ఆకుపచ్చ గుడ్డ ఐదు మిల్లీమీటర్ల అద్దానికి అవతల మసకగా ఉంటుంది. ఆధారం దొరకని కెమెరా తన ఊహలనే కదలికలుగా కంప్యూటరుకు పంపుతుంది. మరి సాయంత్రానికి ఎందుకు నయమయ్యేది? పగలంతా చేతి జిడ్డు, దుమ్ము అద్దంపై చేరి కెమెరాకు కొన్ని గుర్తులు కల్పించేవి. మరునాటి ఉదయం అటెండరు శుభ్రంగా తుడిచేవాడు, 'వణుకు' మళ్ళీ తిరగబెట్టేది. కుర్రవారి బల్లలకు అద్దాలు లేవు. గరుకు సన్‌మైకా బల్లలు. అక్కడ అదే మౌస్ సక్రమంగా నడవడంలో వింత లేదు. అద్దంపై సైతం పనిచేసే మౌస్‌ను లాజిటెక్ సంస్థ 2009లో తెచ్చింది గాని, దాని ధరకు ఇండెంటు పెడితే ఆడిట్ వారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఒక తెల్లకాగితం చాలు.

చేయి నిజంగా వణికేటట్లయితే ఆ సంగతి మౌస్ ఒక్కటే చెప్పదు. టీ గ్లాసు చెబుతుంది, కలం చెబుతుంది, చొక్కా గుండీ చెబుతుంది. ఇవి కూడా చెబుతున్నట్లయితే వైద్యుని వద్దకు ఆలస్యం లేకుండా వెళ్ళవలసినదే. ఇంజనీరు మాట నమ్మి కూర్చోరాదు.

ఈ కథ క్యాంటీను ద్వారా వ్యాపించిన తరువాత నా గది కొన్నాళ్ళు మౌస్‌ల ఆసుపత్రి అయింది. అప్పుడు నాకు పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. 2017 ప్రాంతంలో నేను ఎరిగిన ఒక కార్యాలయానికి నికోబార్ ద్వీపాలలోని కమోర్తాలో చిన్న శాఖ ఉండేది. అక్కడి ఉద్యోగి మౌస్ బాణం ఆలస్యంగా కదులుతున్నదని ఫిర్యాదు చేశాడు. కొత్త మౌస్‌ను ఓడలో పంపారు. అదీ అంతే. మరొకటి పంపారు. మూడవది కూడా పంపారు. మూడూ తిరుగు ఓడలో వెనుకకు వచ్చాయి. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి దీని పేరు శ్రీ విజయపురం) పరీక్షిస్తే మూడూ బాగానే పనిచేశాయి. ఆ కుర్రవాడు పని ఎగవేయడానికి సాకులు చెబుతున్నాడని ఒక అధికారి తేల్చివేశారు. ఆ మాట అతని వార్షిక నివేదికలోకి కూడా వెళ్ళబోయింది.

నేను టెలిఫోనులో అతనిని ఒకే ప్రశ్న అడిగాను. "బాబూ, ఆ పద్దుల కిటికీని చిన్నది చేసి, బాణాన్ని దాని వెలుపల, మీ సొంత తెర మీద త్రిప్పి చూడు. అక్కడ కూడా ఆలస్యమేనా?" కాదన్నాడు. వెలుపల చురుకుగా ఉన్నది, లోపల అడుగు పెట్టగానే మొద్దుబారుతున్నది. రోగం తెలిసిపోయింది. అతడు పనిచేస్తున్న కంప్యూటరు కమోర్తాలో లేదు. వందల మైళ్ళ దూరంలోని కేంద్ర కంప్యూటరు తెరను అతడు దూరం నుంచి నడుపుతున్నాడు. నడుమ ఉన్నది ఉపగ్రహం.

ఇక్కడ కొంచెం గణితం చేయక తప్పదు. అటువంటి ఉపగ్రహం భూమధ్యరేఖపై 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మౌస్ కదలిక పైకి వెళ్ళి క్రిందికి దిగేసరికి సుమారు 72,000 కిలోమీటర్లు. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు కనుక దాదాపు పావు సెకను. బాణం కదిలిన చిత్రం అదే దారిన తిరిగి రావడానికి మరో పావు సెకను. వెరసి అర సెకను. దారిలోని రద్దీ దీనికి అదనం.

అర సెకను ఎంత అనిపించవచ్చు. డీజిల్ జనరేటర్లతో జీవితం గడిపిన మన సోదరులకు గవర్నరు 'హంటింగ్' అంటే తెలుసు. వేగం తగ్గిన సంగతి గవర్నరుకు ఆలస్యంగా అందితే అది ఎక్కువ ఇంధనం ఇస్తుంది. వేగం మితిమీరుతుంది. తిరిగి అతిగా తగ్గిస్తుంది. యంత్రం ఊయలలూగుతుంది. ఆ కుర్రవాని చేతికి జరిగినది అదే. బాణం కదలలేదని మరికొంత తోశాడు, తీరా అది గురి దాటిపోయింది, వెనుకకు లాగాడు, అది మళ్ళీ దాటింది. ఎంత నిపుణుడైనా అంతే. మౌస్‌ను విడిచి కీబోర్డు మీట నొక్కుతూ గడి నుంచి గడికి వెళ్ళమని సలహా ఇచ్చాను. ఆలస్యం పోలేదు గాని తప్పులు పోయాయి. వార్షిక నివేదికలోని వాక్యం కూడా పోయిందని తరువాత విన్నాను.

చెన్నై నుంచి ఈ ద్వీపాలకు సముద్రగర్భంలో వేసిన కేబులుకు 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న ప్రారంభోత్సవం జరిగింది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. కమోర్తా కూడా దానితో కలిసింది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మొత్తం కేబులు పొడవునా పోయి తిరిగి వచ్చినా ఒక సెకనులో నలభయ్యవ వంతు పట్టదు. మనిషి చేయి ఆ తేడాను పసికట్టలేదు. కనుక నేడు మీ బాణం ఇంకా ఆలస్యం చేస్తున్నట్లయితే ఉపగ్రహాన్ని నిందించే ముందు, పైన చెప్పిన కిటికీ పరీక్ష చేసి చూడండి.

ఇక ఇంటి సంగతి. మన క్వార్టర్లలో పిల్లలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, బాణం కప్పవలె గెంతుతున్నదని ఏడుస్తారు. ఇక్కడ మౌస్ ఉండదు, వ్రేలితో రాసే పలక ఉంటుంది. ఆ పలక వ్రేలి విద్యుత్ ధారణశక్తిని గ్రహిస్తుంది. అది అత్యల్ప పరిమాణం. ఛార్జరు తగిలించినప్పుడే గెంతులు మొదలై, తీసివేయగానే తగ్గితే, అనుమానించవలసినది ఎర్తింగును. ఛార్జరు లోపలి చిన్న కెపాసిటరు గుండా అతిస్వల్పమైన విద్యుత్తు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. సరియైన ఎర్త్ ఉంటే అది నేలలోకి దిగిపోతుంది. లేకుంటే ల్యాప్‌టాప్ ఒంటి మీదనే తచ్చాడుతుంది. లోహపు అంచుపై చేయి రాస్తే చీమలు ప్రాకినట్లు ఉంటుందే, అది ఇదే. పలక దానిని కూడా వ్రేలి కదలికగానే లెక్కవేస్తుంది.

ఈ విషయంలో నాకు కొంత కోపం ఉన్నది, దాచుకోను. మూడు కాళ్ళ ప్లగ్గుకు ఎర్త్ కాలు విరిచి రెండు రంధ్రాలలో దోపడం మన ఇండ్లలో ఒక అలవాటు. ఉన్న ఎర్త్ కూడా ఇక్కడి ఉప్పుగాలికి, ఏడాదిలో అధికభాగం ఉండే వానకు నిలవదు. గొయ్యి వద్ద బిగించిన బోల్టు తుప్పు పట్టి, తీగ పేరుకు మాత్రమే అంటుకొని ఉంటుంది. లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కు, ఎర్త్‌కు నడుమ వోల్టేజి కొలిపించండి. ఒకటి రెండు వోల్టులైతే ఫరవాలేదు. పదులలో చూపిస్తే ల్యాప్‌టాప్ బాణం సంగతి తరువాత, స్నానాల గదిలోని గీజరు సంగతి ముందు చూడండి. మీరు స్వయంగా కొలవవద్దు.

ఛార్జరు తీసినా గెంతులు ఆగకుంటే కారణం చాలా స్వల్పమై ఉండవచ్చు. చెమట వ్రేళ్ళు, తలకు రాసుకున్న కొబ్బరినూనె. పొడి గుడ్డతో పలకను, సబ్బుతో చేతులను శుభ్రపరచితే చాలు.

తీగ లేని మౌస్‌ల గురించి ఎక్కువ చెప్పను. బ్యాటరీ మార్చి చూడండి. బ్యాటరీ తగిలే రేకులకు పచ్చని చిలుము పట్టితే గట్టి కాగితంతో రుద్దండి. అడుగున కెమెరా రంధ్రంలో వెంట్రుక గాని, చిన్న పురుగు గాని చిక్కుకున్నదేమో చూడండి. ఒక సోదరి తెచ్చిన మౌస్‌లో చీమలు కాపురం పెట్టి ఉన్నాయి! మరొక కారణం, కొత్తరకం వేగవంతమైన పెన్‌డ్రైవ్‌లు, హార్డ్‌డిస్కులు. మౌస్ రిసీవరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేస్తుంది. ప్రక్క రంధ్రంలోని యూఎస్‌బీ 3 సాధనం అదే ప్రాంతంలో రొద పుట్టిస్తుంది. రిసీవరును దూరపు రంధ్రంలోకి మార్చితే రెండు నిమిషాలలో పని అయిపోతుంది.

కొన్నిసార్లు వీటిలో ఏదీ కాదు. కంప్యూటరే ఊపిరాడక ఉంటుంది. యాంటీవైరస్ తనిఖీ, తాజా మార్పుల దిగుమతి వంటివి ఏకకాలంలో జరుగుతూ ఉంటే బాణం ఆగి ఆగి నడుస్తుంది. టాస్క్ మేనేజర్ తెరచి చూస్తే ఎవరు భారం మోపుతున్నారో కనిపిస్తుంది. ఆ సమయంలో మౌస్‌ను బల్లకేసి కొట్టడం వల్ల ఉపయోగం లేదని స్వానుభవంతో మనవి చేస్తున్నాను.

బాబాయిగారి బల్ల వద్ద ఆ తెల్లకాగితం అట్లే ఉండిపోయింది. దాని అడుగున పడినందున ఆ నలుపు తెలుపు ఫోటోను అద్దం ఎత్తించి ఎడమవైపుకు మార్చుకున్నారు. ఓడ కమ్మీ వద్ద ట్రంకుపెట్టె ప్రక్కన నిలబడిన ఒక యువకుని ఫోటో అది. తండ్రిగారట.

రెండు వారాల తరువాత ఆయన మళ్ళీ నా గదికి వచ్చారు. సెలవు కావాలన్నారు. వెనుకటి దరఖాస్తు మౌస్ క్రింద ఉన్నందున కొత్తది వ్రాసి తెచ్చారు. అవే ఇరవై రోజులు, అదే విశాఖపట్నం ఓడ, అవే ముత్యాల అక్షరాలు. కారణం వ్రాయవలసిన చోట మాత్రం 'స్వగ్రామం చూచుటకు, కుటుంబ సమేతంగా' అని ఉన్నది. సంతకం చేసి ఇచ్చాను.